హడ్సన్ ర్యాంచ్ రోడ్డు మీద శనివారాలు

పోయిన నెల కాలిఫోర్నియా నుంచి ఒక మెసేజ్ వచ్చింది. మారికోపా దాటాక కొండల్లో పశువుల ర్యాంచ్ నడిపిన పెద్దాయన కన్నుమూశారట. మెసేజ్ పంపినావిడ రిటైరైన స్కూల్ టీచరు. ఒకప్పుడు శనివారాలు ఆవిడా, నేనూ, ఇంకో ఇద్దరు ముగ్గురూ ఆ పెద్దాయన గేటు దగ్గర కలుసుకునేవాళ్లం. కాలిఫోర్నియా కాండార్ అనే రాబందును వెతుక్కుంటూ వచ్చినవాళ్లం మేమందరం. ఉత్తర అమెరికాలో నేల మీద బతికే పక్షుల్లో అదే అన్నిటికన్నా పెద్దది. రెక్కలు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు తొమ్మిదిన్నర అడుగులు.

మెసేజ్ చదివాక చాలాసేపు నిద్ర పట్టలేదు. ఆయన గొంతు, ఆ గాలి, ఆ కొండలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వచ్చినవి వచ్చినట్టు రాస్తున్నాను.

*

నేను బేకర్స్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేసే రోజులవి. కాలిఫోర్నియా అనగానే మనవాళ్లకు శాన్ ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజెలెస్ గుర్తొస్తాయి. బేకర్స్‌ఫీల్డ్ అలాంటి ఊరు కాదు. చమురు బావులు, బాదం తోటలు, పశువులు. చలికాలంలో లోయంతా పొగమంచు కమ్మితే రోజుల తరబడి సూర్యుడు కనిపించడు. ఆ మంచులో పొద్దున్నే బయల్దేరి టాఫ్ట్ మీదుగా వెళ్తుంటే రెండు పక్కలా చమురు తోడే యంత్రాలు తలలు పైకీ కిందకీ ఆడిస్తూ కనిపించేవి. రాత్రీ పగలూ ఆగవవి. మారికోపా దాటి 166వ నంబరు రోడ్డెక్కి, అక్కణ్ణుంచి హడ్సన్ ర్యాంచ్ రోడ్డు మీదికి తిరిగి కాస్త పైకెక్కగానే మంచు కిందనే ఉండిపోయేది. పైన ఎండ, నీలం ఆకాశం. కింద లోయంతా తెల్లగా పరుచుకుని ఉండేది.

ఆ కొండలు వానలు పడ్డాక రెండు మూడు నెలలు పచ్చగా ఉంటాయి. వేసవి మొదలవకముందే గడ్డి ఎండి గోధుమరంగుకు తిరుగుతుంది. తొలివాన పడిన మర్నాడు వెళ్తే తడిసిన సేజ్ పొదల ఘాటు, పేడ వాసన, దుమ్ము అణిగిన వాసన కలిసి వచ్చేవి. పేడ వాసన ఒక్కటీ చాలు నాకు, మా ప్రకాశం జిల్లా పల్లెకు వెళ్లిపోవడానికి.

ర్యాంచ్ దారుల్లో అక్కడక్కడా రోడ్డుకు అడ్డంగా ఇనప పైపులు పరిచి ఉంటాయి. బండి దాటిపోతుంది, పశువు మాత్రం సందుల్లో కాలు ఇరుక్కుంటుందని భయపడి దాటదు. టైర్లు వాటి మీదికెక్కగానే బండంతా గడగడలాడేది. ఆ చప్పుడు విని పెద్దాయన కుక్కలు రెండూ పరుగెత్తుకొచ్చేవి. ఆ వెనకే ఆయన పాత పికప్ ట్రక్కు.

ఆయన మాకు పెట్టిన నియమం ఒక్కటే. గేటు ఎలా ఉంటే అలాగే వదిలి వెళ్లాలి. మూసి ఉంటే మూసే వెళ్లాలి, తెరిచి ఉంటే తెరిచే ఉంచాలి. "మీరు చూసేది ఏ పక్షినైనా నాకు అభ్యంతరం లేదు. నా ఆవులు మాత్రం నేను పెట్టిన చోటే ఉండాలి" అనేవారు.

*

రాబందులను వెతకడమంటే సగం పని ఎదురుచూడటమే. ఆ సంగతి నాకు టీచరుగారే నేర్పారు. మరీ పొద్దున్నే చూసి లాభం లేదు. అంత బరువైన పక్షి ఊరికే రెక్కలు కొట్టుకుంటూ పైకి లేవదు. ఎనిమిది తొమ్మిది కిలోల శరీరం. నేల వేడెక్కి గాలి పైకి లేచేదాకా బండల మీదో, ఎండిన చెట్టు కొమ్మల మీదో రెక్కలు ఎండకు చాపుకుని కూర్చుంటుంది. పది దాటాక ఆకాశంలో కదలిక మొదలయ్యేది. మేం అప్పటికే కుర్చీలు వేసుకుని, స్టాండు మీద టెలిస్కోపు పెట్టుకుని, ఫ్లాస్కులో కాఫీ సగం ఖాళీ చేసి ఉండేవాళ్లం.

మొదట కనిపించేవి ఎప్పుడూ టర్కీ వల్చర్లే. ఎర్ర తల ఉండే చిన్న రాబందులు. దూరం నుంచి చూస్తే అన్నీ నల్లటి పక్షులే కదా, తేడా ఎలా తెలుస్తుందని కొత్తగా వచ్చినవాళ్లు అడిగేవారు. టీచరుగారు పిల్లలకు చెప్పినంత ఓపికగా చెప్పేవారు. టర్కీ వల్చర్ రెక్కలు కాస్త పైకెత్తి పట్టుకుంటుంది, గాలిలో అటూ ఇటూ ఊగుతూ పోతుంది. కాండార్ ఊగదు. రెక్కలు బల్లపరుపుగా చాపి, నిమిషాల తరబడి ఒక్కసారి కూడా కొట్టకుండా నిదానంగా తేలుతుంది. దూరాన పోయే విమానమేమోనని కళ్లు దాన్ని వదిలేసే ప్రమాదం కూడా ఉంది. అది పక్కకు ఒరిగినప్పుడు రెక్కల అడుగున, ముందు అంచు వెంబడి తెల్లటి త్రికోణం మెరిస్తే ఇక సందేహం అక్కర్లేదు. గోల్డెన్ ఈగిల్ పిల్లలకూ రెక్కల్లో తెలుపు ఉంటుంది గానీ అది వేరే చోట ఉంటుంది.

చిన్న వయసు కాండార్ తల నల్లగా ఉంటుంది. ఆరేళ్లు వస్తేగానీ ఆ తల పూర్తిగా నారింజ రంగుకు తిరగదు. అప్పటిదాకా పిల్ల కిందే లెక్క. జత కట్టాక కూడా పెట్టేది ఒక్క గుడ్డే. దాన్ని పొదిగి, పిల్లను పెంచి, ఎగరడం నేర్పేసరికి ఏడాది దాటిపోతుంది. కాబట్టి చాలా జంటలు రెండేళ్లకోసారే గుడ్డు పెడతాయి. ఇంత నెమ్మదిగా పెరిగే జాతిలో పెద్ద పక్షి ఒకటి పోయిందంటే ఆ నష్టం పూడటానికి ఎన్నేళ్లు పడుతుందో చూడండి.

ప్రతి కాండార్ రెక్క మీదా అంకె వేసిన ట్యాగ్ ఉండేది. టెలిస్కోపులో ఆ అంకె చదవగలిగితే నోటుబుక్కులో రాసుకునేవాళ్లం. ఎన్ని గంటలకు, ఏ వైపు నుంచి ఏ వైపుకు, ఎంత ఎత్తులో, పక్కన ఇంకెవరున్నారు. ఆ కాగితాలు టీచరుగారు పరిశోధకులకు పంపేవారు. వాళ్ల దగ్గర రేడియో యాంటెనాలు, జీపీఎస్‌లు ఉన్నాయి. అయినా మనిషి కంటితో చూసిన వివరం వాళ్లకు పనికొచ్చేది. ఏమీ కనిపించని శనివారాలు కూడా రాసేవాళ్లం. "ఏమీ లేదు" అని రాయడం కూడా సమాచారమేనని ఆవిడ పట్టుబట్టేవారు.

ఏమీ కనిపించని రోజులే ఎక్కువ. ఆ రోజుల్లో విన్న చప్పుళ్లు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. ముళ్లకంచె తీగల్లో గాలి సన్నగా పాడేది. నీళ్లు తోడే పాత గాలిమర తిరిగినప్పుడల్లా కిర్రుమనేది. మెడోలార్క్ అనే పసుపు రొమ్ము పిట్ట కంచె గుంజ మీద కూర్చుని గొంతెత్తి కూసేది. ఎక్కడో ఆవు దూడను పిలిచేది.

*

ఒకరోజు పెద్దాయన ట్రక్కు ఆపి మా దగ్గరే నిలబడ్డారు. మీది ఎక్కడ అని అడిగారు. ఇండియా అన్నాను. ఇండియాలో ఎక్కడ అన్నారు. ఊరు పేరు చెప్తే తెలియదులే అని, ఒంగోలు దగ్గర, నెల్లూరు పక్క జిల్లా అన్నాను.

"నెల్లూరా? నెల్లూరు ఆవుల నెల్లూరా?" అన్నారాయన.

నాకు నోట మాట రాలేదు. అమెరికాలో బ్రహ్మన్ అని పిలిచే మూపురం పశువుల పుట్టుకలో మన ఒంగోలు జాతి కూడా ఉంది. అక్కడివాళ్లు దాన్ని నెల్లూరు జాతి అనే రాసుకున్నారు. బ్రెజిల్‌లో అయితే ఈనాటికీ నెలోర్ అనే అంటారు. ఆయన తండ్రి కాలంలో ఒక బ్రహ్మన్ ఆబోతును తెచ్చి మందలో కలిపారట. ఎండకు తట్టుకునేది, కంచెలు మాత్రం ఆగనిచ్చేది కాదట. ఆ రోజు నుంచి ఆయనకు నా పేరు అక్కర్లేకపోయింది. "నెల్లూరు వచ్చాడా?" అని అడిగేవారు.

అప్పుడే ఆయన తన చిన్నతనం చెప్పారు. కొండ మీద ఆవు చస్తే కాండార్లు గుంపుగా దిగడం వాళ్ల నాన్నతో గుర్రం మీద వెళ్లి చూసేవారట. తర్వాత తర్వాత అవి పల్చబడ్డాయి. 1984-85 చలికాలం ఒక్కదాంట్లోనే, అప్పటికి బయట మిగిలిన 15 పక్షుల్లో 6 పోయాయి. మిగిలినవాటిని పట్టి జంతుప్రదర్శనశాలల్లో పెంచాలా, బయటే ఉంచి కాపాడాలా అని పెద్ద గొడవ జరిగింది. కోర్టు దాకా వెళ్లింది. చివరికి 1987 ఏప్రిల్ 19న, ఈస్టర్ ఆదివారం నాడు, బయట మిగిలిన ఆఖరి పక్షిని కూడా పట్టుకున్నారు. ఏసీ-9 అని దాని గుర్తు. పట్టుకున్నది ఈ కొండల్లోనే, ఇప్పుడు బిట్టర్ క్రీక్ అభయారణ్యం అంటున్న చోట. అది అంతకుముందు హడ్సన్ ర్యాంచ్. ప్రపంచం మొత్తం మీద ఆనాటికి మిగిలినవి 27 పక్షులు, అన్నీ బోనుల్లోనే.

"ఆ ఏడాది పైకి చూడటం మానేశాను" అన్నారు పెద్దాయన. ఆయన అంతకు మించి చెప్పలేదు, మేమూ అడగలేదు.

బోనుల్లో వాటిని పెంచిన తీరు గురించి టీచరుగారు చెప్తుంటే మళ్లీ మళ్లీ వినాలనిపించేది. గుడ్డు పెట్టగానే తీసేస్తే తల్లి ఇంకో గుడ్డు పెడుతుంది. అలా తీసిన గుడ్డును యంత్రంలో పొదిగి, పిల్లకు మనిషి ముఖం కనపడకుండా, చేతికి కాండార్ తల ఉన్న తోలుబొమ్మ తొడుక్కుని మేత పెట్టేవారట. 1992 నుంచి మళ్లీ బయటకు వదలడం మొదలైంది. ఏసీ-9 కూడా 2002లో తన కొండలకు తిరిగొచ్చింది. ఇప్పుడు బోనుల్లోవీ బయటివీ కలిపి 500 పైనే ఉన్నాయి.

*

ఆ కబుర్లు వింటూ నేను మా ఊరి చెరువుకట్ట అవతల బీడు గురించి చెప్పాను. వాళ్లకు అది కొత్త.

మా చిన్నప్పుడు ఊళ్లో ఎద్దు చస్తే తోలు తీసుకున్నాక కళేబరాన్ని బండి మీద ఆ బీడుకు చేర్చేవారు. చేర్చిన కాసేపటికి ఆకాశంలో ఎక్కడో ఒక చుక్క. తర్వాత నాలుగు. తర్వాత లెక్కపెట్టలేనన్ని. అవి దిగేటప్పుడు వచ్చే హోరు, ఈదురుగాలికి తాటాకు పందిరి ఊగినట్టుండేది. పిల్లలం కట్ట మీదే ఆగిపోయేవాళ్లం. అవి మెడలు చాచి, ఒకదాన్నొకటి తోసుకుంటూ, బుసలు కొడుతూ తినేవి. మేం బడి నుంచి తిరిగొచ్చేసరికి ఎముకలే ఉండేవి. నాలుగు రోజులు ఎండాక ఎముకలు కొనేవాడు బండి తోలుకుంటూ వచ్చి అవీ ఏరుకుపోయేవాడు. ఊరికి కంపు అంటేదే కాదు.

చెరువు పక్క తాడిచెట్ల మట్టలు వాటి రెట్టలతో తెల్లబారి ఉండేవి. ఒకసారి మాలో ఒకడు రాయి విసరబోతే నాయనమ్మ చెయ్యి పట్టుకుంది. "జటాయువు వంశంరా అది. సీతమ్మ కోసం రెక్కలు తెగ్గొట్టించుకుంది. దాన్ని కొడతావా?" అంది. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ వాటి జోలికి పోలేదు.

అవి ఎప్పుడు పోయాయో ఊళ్లో ఎవరూ చెప్పలేరు. ఒక ఏడాది తక్కువొచ్చాయి. తర్వాత ఇంకా తక్కువ. నేను హాస్టల్ నుంచి సెలవులకొచ్చిన ఒక ఎండాకాలం బీడులో గేదె కళేబరం రోజుల తరబడి అలాగే పడి ఉంది. కుక్కలు మాత్రం బలిసి, మనుషుల మీదికి కూడా వచ్చేవి. ఏదో రోగం వచ్చిందన్నారు కొందరు. సెల్ టవర్లన్నారు ఇంకొందరు తర్వాత.

కారణం డైక్లోఫెనాక్ అని 2004లో తేలింది. నొప్పికీ వాపుకీ ఇచ్చే చవక మందు. కుంటే ఎద్దుకు, పొదుగువాపు వచ్చిన గేదెకు ఆ సూది వేస్తే మర్నాటికి లేచి నిలబడేది. రైతుకు అంతకన్నా ఏం కావాలి? కానీ సూది పడిన కొద్ది రోజుల్లోనే ఆ పశువు చస్తే, దాన్ని తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడిపోయేవి. మెడ వేలాడేసుకుని కూర్చుని కూర్చునే చచ్చిపోయేది. ఒక్క కళేబరం దగ్గర పదులకొద్దీ చేరతాయి కాబట్టి, మందు ఉన్న పశువులు కొన్ని ఉన్నా చాలు. తెల్లనడుము రాబందులు దేశంలో 99 శాతానికి పైగా పోయాయి. పశువులకు ఆ మందు వాడకాన్ని 2006లో నిషేధించారు.

ఇదంతా విని పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ దగ్గర సూది. మా దగ్గర తుపాకి గుండు" అన్నారు.

*

కాండార్లను ఎక్కువగా చంపింది సీసం. జింకనో అడవిపందినో సీసం గుండుతో కొడితే అది లోపల పగిలి, కంటికి కనపడనంత చిన్న ముక్కలై మాంసంలో చెల్లాచెదురవుతుంది. వేటగాడు పేగులు అక్కడే వదిలేసి పోతాడు. ర్యాంచ్‌లో ఉడతలు బొరియలు తవ్వుతాయని, ఆ బొరియల్లో పశువుల కాళ్లు విరుగుతాయని .22 అనే చిన్న గుండు తుపాకీతో కొట్టి వదిలేస్తారు. కాండార్ అవి తింటుంది. సీసం రక్తంలోకి ఎక్కితే దాని జీర్ణవ్యవస్థ పనిచేయడం మానేస్తుంది. కడుపునిండా తిండి పెట్టుకుని ఆకలితో చస్తుంది. పరిశోధకులు వాటిని పట్టి రక్తం పరీక్ష చేస్తారు. సీసం ఎక్కువుంటే లాస్ ఏంజెలెస్ జూకు తీసుకెళ్లి, రక్తంలోంచి దాన్ని బయటకు లాగే వైద్యం చేస్తారు. కొన్ని పక్షులకు ఈ వైద్యం ఒకటికి రెండుసార్లు జరుగుతుంది.

గుండు తగిలిన జింక ఎక్స్‌రే ఒకటి టీచరుగారు తెచ్చి పెద్దాయనకు చూపించారు. గాయం చుట్టూ నక్షత్రాలు చల్లినట్టు తెల్లటి చుక్కలు. ఆయన దాన్ని ట్రక్కు అద్దానికి ఆనించి వెలుగులో చూశారు. "ఈ మాంసం నా మనవలు కూడా తింటున్నారు" అన్నారు. ఆ సీజను నుంచి ఆయన రాగి గుండ్లు కొన్నారు. అవి ఖరీదెక్కువ, .22 సైజులో దొరకడం అప్పట్లో కష్టం. వేటకొచ్చే స్నేహితులు సణిగితే, నా కంచె లోపల నా మాట అనేవారు. కాండార్లు తిరిగే ప్రాంతాల్లో సీసం గుండ్ల మీద 2008లోనే ఆంక్షలు వచ్చాయి. 2013లో చట్టం చేసి, 2019 జులై 1 నుంచి రాష్ట్రమంతటా ఏ వేటకూ సీసం గుండు వాడకూడదన్నారు. కానీ ఆ కొండల్లో ఎవరు ఏ గుండు పేలుస్తున్నారో చూడటానికి ప్రతి లోయలో అధికారి నిలబడలేడు కదా. అక్కడ చట్టం నడిచేది పెద్దాయనలాంటివాళ్ల మాట మీదే. నేను కళ్లారా చూసింది కాబట్టి చెప్తున్నాను.

*

ఒక శరత్కాలం, ఆవులు ఈనే రోజుల్లో, టీచరుగారికి ఆయన దగ్గర్నుంచి ఫోను. చచ్చి పుట్టిన దూడ ఒకటుంది, కొండవాలు మీద వదిలేస్తున్నాను, రండి అని.

మేం వెళ్లేసరికి రేవెన్లు చేరాయి. మన బొంతకాకి కన్నా పెద్దవి. చుట్టూ గెంతుతున్నాయి గానీ తోలు చీల్చడం వాటి వల్ల కాదు. తర్వాత వాసన పట్టుకుని టర్కీ వల్చర్లు వచ్చాయి. కాండార్‌కు అంత వాసన తెలియదు. పైనుంచి మిగతా పక్షులు ఎటు దిగుతున్నాయో చూసి వస్తుంది. మధ్యాహ్నం దాకా రాలేదు. పెద్దాయన కూడా ఆ రోజు పనులు మానుకుని ట్రక్కు తలుపు తెరిచి కూర్చున్నారు.

అవి వెనక నుంచి వచ్చాయి. మాకు ముందు చప్పుడే వినిపించింది. మా తలల మీదుగా పోతుంటే రెక్కల చివరి ఈకల్లోంచి గాలి ఈలలా దూసుకుపోయింది. రెండు పక్షులు. చివర్లు వేళ్లలా విడదీసి ఉన్నాయి, ఒక్కో ఈక విడిగా కనిపిస్తోంది. ఒకదాని తల నారింజ రంగు, ఇంకొకటి ఇంకా నల్లది. టీచరుగారు ట్యాగులు చదువుతుంటే నేను రాస్తున్నాను. ఆవిడ గొంతు వణికింది. పెద్దాయన టోపీ తీసి పట్టుకున్నారు.

పిల్ల పక్షి దిగగానే తినలేదు. పెద్దది తినేదాకా పక్కన నిలబడి చూసింది. ఆకలిగా ఉన్నప్పుడు కూడా వరస తప్పని ఆ పక్షి మీద నాకు ఆ రోజు కలిగిన గౌరవం ఇంతవరకూ తగ్గలేదు.

*

పోయినసారి ఊరికెళ్లినప్పుడు పశువుల మందుల షాపుకు వెళ్లాను. బాబాయి గేదెకు కాలువాపు. షాపతను అడక్కుండానే మెలాక్సికామ్ తీసిచ్చాడు. ఇది రాబందులకు ప్రమాదం లేని మందు. రాబందులకు డైక్లోఫెనాక్ లాగే ముప్పు తెచ్చే ఇంకో నొప్పి మందు కీటోప్రొఫెన్. అది ఉందా అని కావాలనే అడిగాను.

"అది ఆపేశారు సార్, ఎసిక్లోఫెనాక్ కూడా. పశువులకు ఇవ్వకూడదు" అన్నాడు. 2023లో వచ్చిన నిషేధం మా మండలం షాపు దాకా చేరింది. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

బాబాయి మాత్రం బిల్లు చూసుకుంటూ అడిగాడు. "అయితే మన చెరువు దగ్గరికి అవి మళ్లీ వస్తాయంటావురా?"

ఇప్పట్లో రావు బాబాయ్ అన్నాను. మనవీ ఏడాదికి ఒక్క గుడ్డే పెడతాయి, రావడానికి చుట్టుపక్కల ఎక్కడో మిగిలి ఉండాలి. తెలంగాణలో బెజ్జూరు అడవిలో, పాలరాపుగుట్ట మీద, పొడుగుముక్కు రాబందుల గూళ్లు 2013లో కనిపించాయని చెప్పాను. కొండ అంచుల్లో గూళ్లు కట్టుకుంటాయవి. బాబాయి కొడుకు ఫోన్లో మ్యాప్ తీసి దూరం చూశాడు. వానలు తగ్గాక వెళ్దాం అన్నయ్యా, అటవీశాఖ వాళ్లను ముందే అడిగి పర్మిషన్ తీసుకుందాం అన్నాడు. బండి వాడిది. బైనాక్యులర్స్, నోటుబుక్కు నేను తెస్తానన్నాను.